రస్ట్‌లో టైమర్లు: ఒకసారి మోగేవి, పదేపదే మోగేవి మన చేత్తో కట్టుకుందాం

కొన్నేళ్ల కిందట నేను రాసిన ఒక చిన్న ప్రోగ్రాం సెకనుకోసారి సెన్సర్ చదివి ఫైల్లో రాసేది. లూప్‌లో చదవడం, రాయడం, ఒక సెకను స్లీప్. పది లైన్లు కూడా లేవు. మర్నాడే క్లయింట్ నుంచి మెయిల్ వచ్చింది: “రోజుకి 86,400 రీడింగులు ఉండాలి కదా, 86,141 ఉన్నాయేంటి?” ముందు నెట్‌వర్క్‌ని అనుమానించాను, తర్వాత డిస్క్‌ని, ఆ తర్వాత పాపం సెన్సర్‌ని. రెండు రోజులు టెన్షన్ పడ్డాక తేలిందేమిటంటే, చదవడానికీ రాయడానికీ కలిపి 3 మిల్లీసెకన్లు పడుతోంది. స్లీప్ దానిమీద ఇంకో సెకను. అంటే ఒక్కో చుట్టు 1.003 సెకన్లు. రోజంతా తిరిగేసరికి 259 రీడింగులు గల్లంతు.

“ఇంతసేపు పడుకో” అని చెప్పడం వేరు, “ఫలానా వేళకి లే” అని చెప్పడం వేరు. టైమర్ రాసేటప్పుడు వచ్చే తలనొప్పుల్లో చాలా వాటికి మూలం ఈ తేడాయే. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రామాణిక లైబ్రరీ తప్ప వేరే క్రేట్ (బయటి లైబ్రరీ) ఏదీ వాడకుండా, వేళకి పనులు నడిపే ఒక చిన్న షెడ్యూలర్ కట్టుకుంటూ దీన్ని చూద్దాం. దానికి మూడే పనులు రావాలి: కొంతసేపయ్యాక ఒక కాల్‌బ్యాక్‌ని (వేళ వచ్చినప్పుడు నడపమని మనం ఇచ్చే ఫంక్షన్‌ని) ఒకసారి పిలవడం, నిర్ణీత వ్యవధిలో పదేపదే పిలవడం, వద్దనుకుంటే రద్దు చేయడం. మూడోది చూడ్డానికి తేలిక. ఎక్కువ రాత్రులు మేలుకునేది దానికోసమే.

మొదటి మెట్టు: ఏ గడియారం?

రస్ట్‌లో సమయానికి రెండు టైపులున్నాయి. సిస్టమ్‌టైమ్ గోడ గడియారం లాంటిది. 1970 జనవరి 1 నుంచి లెక్క, కానీ ఎవరైనా ముల్లు తిప్పగలరు. నెట్‌వర్క్ ద్వారా వేళ సరిదిద్దే ఎన్‌టీపీ సర్దుబాటు చేస్తే వెనక్కి కూడా పోతుంది. ఇన్‌స్టంట్ స్టాప్‌వాచ్ లాంటిది. ముందుకే తప్ప వెనక్కి నడవదు. టైమర్లకి ఎప్పుడూ ఇన్‌స్టంటే వాడాలి. సిస్టమ్‌టైమ్‌తో గడువు లెక్కేస్తే, ఎవరో సర్వర్ టైమ్‌ని గంట వెనక్కి జరిపినప్పుడు మీ టైమర్లన్నీ గంటసేపు మూగబోతాయి. “రోజూ ఉదయం ఆరింటికి” లాంటి పని అయితే గోడ గడియారమే కావాలి. అది క్రాన్ అనే యూనిక్స్ ప్రోగ్రాం చేసే పని, ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

లైనక్స్‌లో ఇన్‌స్టంట్ వెనక ఉన్న మోనోటోనిక్ గడియారం ల్యాప్‌టాప్ సస్పెండ్‌లో ఉన్నంతసేపు నడవదు. పది నిమిషాల టైమర్ పెట్టి మూత మూసి, గంట తర్వాత తెరిస్తే టైమర్‌కి ఆ గంట తెలియనే తెలియదు. సస్పెండ్ సమయం కూడా కలవాలంటే బూట్‌టైమ్ అనే వేరే గడియారాన్ని నేరుగా కెర్నెల్ నుంచి అడగాలి. సర్వర్లలో దీంతో పనుండదు, చేతిలో పట్టుకునే పరికరాల్లో ఉంటుంది.

ఇంకో సంగతి. స్లీప్‌కి ఒక మిల్లీసెకను అని చెబితే “కనీసం” ఒక మిల్లీసెకను అని అర్థం. లైనక్స్ మామూలు థ్రెడ్లకి (ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనుల వరుసలకి) 50 మైక్రోసెకన్ల వరకు వెసులుబాటు తీసుకుంటుంది, దగ్గరదగ్గర గడువులున్నవాటిని కలిపి ఒకేసారి లేపడానికి. విండోస్‌లో గడియారపు డిఫాల్ట్ టిక్ 15.6 మిల్లీసెకన్లు. కాబట్టి కాల్‌బ్యాక్ ఆలస్యంగా రావచ్చు, గడువుకి ముందు మాత్రం రాకూడదు. మీ షెడ్యూలర్ ఇవ్వగలిగిన హామీ అంతవరకే. డాక్యుమెంటేషన్‌లో కూడా అంతే రాయండి.

సీలో మిల్లీసెకన్లని 32 బిట్ల పూర్ణాంకంలో పెట్టుకునే అలవాటున్నవాళ్లకి ఒక మాట: అది 49.7 రోజులకి నిండిపోయి సున్నాకి వస్తుంది. విండోస్ 95 సరిగ్గా ఆ లెక్కనే దాదాపు 50 రోజులకి స్తంభించేది. అన్ని రోజులు అది ఆగకుండా నడవడమే విచిత్రం కాబట్టి చాలామందికి ఆ సంగతి తెలియలేదు. ఇన్‌స్టంట్‌తో ఆ బెంగ లేదు.

రెండో మెట్టు: పనిని ఎలా దాచుకోవాలి?

ప్రతి పనికీ ఒక నంబరు ఇద్దాం. 64 బిట్ల కౌంటర్, ఒక్కోసారి ఒకటి పెంచుతూ పోతే చాలు. పనికి సంబంధించిన ఎంట్రీలో రెండే ఉంటాయి: వ్యవధి, కాల్‌బ్యాక్. ఒకసారి మోగేదైతే వ్యవధి ఖాళీ. కాల్‌బ్యాక్‌ని కూడా ఆప్షన్‌లోనే (విలువ ఉండొచ్చు, ఖాళీగానూ ఉండొచ్చు అనే టైపులోనే) పెట్టండి, ఎందుకో నాలుగో మెట్టులో తెలుస్తుంది.

కాల్‌బ్యాక్ టైపు దగ్గర కొత్తవాళ్లు తడబడతారు. ఒక్కసారే పిలిచే క్లోజర్‌కి (చుట్టూ ఉన్న వేరియబుల్స్‌ని పట్టుకుని ఉండే పేరులేని ఫంక్షన్‌కి) ఎఫ్‌ఎన్‌వన్స్ సరిపోతుంది. పదేపదే పిలిచేదానికి ఎఫ్‌ఎన్‌మ్యూట్ కావాలి, ఎందుకంటే అది తన లోపలి కౌంటర్‌నో బఫర్‌నో ప్రతిసారీ మార్చుకోవాలి. రెండింటికీ రెండు టైపులు పెట్టి ఎనమ్ రాయొచ్చు. నేనైతే అంతటినీ బాక్స్‌లో పెట్టిన ఎఫ్‌ఎన్‌మ్యూట్‌గానే దాచుకుంటాను. ఒకసారి మోగేదాన్ని ఆప్షన్‌లో చుట్టి, పిలిచినప్పుడు టేక్ చేసి (లోపలిది బయటికి తీసి, ఖాళీ వదిలి) నడిపే చిన్న క్లోజర్ రాస్తే అదీ ఎఫ్‌ఎన్‌మ్యూట్ అయిపోతుంది.

దీనికి సెండ్, స్టాటిక్ అనే రెండు షరతులు తప్పవు. కాల్‌బ్యాక్ వేరే థ్రెడ్‌లో నడుస్తుంది కాబట్టి సెండ్. ఎప్పుడు నడుస్తుందో తెలియదు కాబట్టి, ఏ ఫంక్షన్ స్టాక్ మీది వేరియబుల్‌నీ అరువు తెచ్చుకోకూడదు, అందుకే స్టాటిక్. క్లోజర్ ముందు మూవ్ రాయడం మర్చిపోతే, ఈ క్లోజర్ ఇప్పటి ఫంక్షన్ కన్నా ఎక్కువ కాలం బతకవచ్చు అంటూ కంపైలర్ 0373 నంబరు ఎర్రర్ ఇస్తుంది. విసుక్కోకండి. సీలో ఇదే తప్పు చేస్తే కంపైల్ అయిపోయి, టైమర్ మోగినప్పుడు చచ్చిపోయిన స్టాక్‌లో చెత్త చదివేది.

మూడో మెట్టు: ముందు ఎవరి వంతు?

అన్నిటికన్నా దగ్గరి గడువు ఏదో తక్షణం తెలియాలి. దానికి హీప్ (అన్నిటికన్నా పెద్దదాన్నో చిన్నదాన్నో ఎప్పుడూ పైన ఉంచే అమరిక). రస్ట్ బైనరీహీప్‌లో పెద్దది పైకి వస్తుంది, మనకి కావలసింది అన్నిటికన్నా ముందు వచ్చే గడువు. అందుకని రివర్స్ అనే తొడుగు వేసి పెడతాం.

హీప్‌లో మొత్తం ఎంట్రీని పెట్టకండి. కాల్‌బ్యాక్‌లని పోల్చలేం కాబట్టి పోలిక సూత్రాలన్నీ చేత్తో రాసుకోవాల్సి వస్తుంది. హీప్‌లో గడువు, నంబరు అనే జతని మాత్రమే పెట్టి, అసలు ఎంట్రీలని నంబరు ఇస్తే ఎంట్రీ దొరికే హ్యాష్‌మ్యాప్‌లో ఉంచండి. జతల పోలిక రస్ట్‌కి ముందే తెలుసు: ముందు గడువు చూస్తుంది, సమానమైతే నంబరు చూస్తుంది. దీంతో ఒకే గడువున్న రెండు పనుల్లో ముందు చేర్చింది ముందు నడుస్తుంది, ఆ న్యాయం మనకి ఉచితంగా దక్కినట్టే.

రద్దు కూడా తేలికైంది. హీప్ మధ్యలో వెతికి తీయడం కష్టం, అందుకని మ్యాప్‌లోంచి మాత్రం తీసేస్తాం. హీప్‌లో మిగిలిన జత తన వంతు వచ్చినప్పుడు పైకి వస్తుంది, మ్యాప్‌లో ఆ నంబరు లేదు కాబట్టి పట్టించుకోకుండా వదిలేస్తాం. ఒక్క చోట మాత్రం ఇది దెబ్బ కొడుతుంది. సర్వర్‌లో ప్రతి కనెక్షన్‌కీ 30 సెకన్ల టైమవుట్ పెట్టి, జవాబు 5 మిల్లీసెకన్లకే రాగానే రద్దు చేస్తుంటారు అనుకోండి. సెకనుకి 10,000 కనెక్షన్లొస్తే హీప్‌లో ఎప్పుడు చూసినా దాదాపు 3 లక్షల చచ్చిన జతలుంటాయి. హీప్ పరిమాణం మ్యాప్‌కి రెండింతలు దాటితే మ్యాప్‌లో ఉన్నవాటినే ఉంచి హీప్‌ని మళ్లీ కట్టండి. నాలుగైదు లైన్ల పని.

నాలుగో మెట్టు: గుండెకాయ

హీప్, మ్యాప్, “మూసేయాలి” అనే జెండా, ఈ మూడింటినీ ఒకే మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే లాక్) కింద పెట్టండి. పక్కన ఒక కాండ్‌వార్, థ్రెడ్‌ని నిద్రపుచ్చి కబురొస్తే లేపేది. ఒక్క థ్రెడ్ కింది వరుసలో తిరుగుతూ ఉంటుంది:

లాక్ తీసుకో
లూప్:
    మూసేయమన్నారా? బయటికి పో
    హీప్ ఖాళీయా? ఎవరైనా లేపేదాకా నిద్రపో. లేచాక మళ్లీ లూప్ మొదటికి
    పైనున్న గడువు ఇంకా రాలేదా? మిగిలినంతసేపే నిద్రపో, లేచాక మళ్లీ మొదటికి
    హీప్ నుంచి పైది తీసేయ్
    ఆ నంబరు మ్యాప్‌లో లేదా? రద్దయిందన్నమాట, మళ్లీ మొదటికి
    ఎంట్రీలోంచి కాల్‌బ్యాక్‌ని టేక్ చెయ్. ఎంట్రీని మాత్రం మ్యాప్‌లోనే ఉంచు
    లాక్ వదిలెయ్
    కాల్‌బ్యాక్ నడుపు
    లాక్ మళ్లీ తీసుకో
    ఎంట్రీ ఇంకా ఉండి, పదేపదే మోగేదైతే: కాల్‌బ్యాక్ తిరిగి పెట్టు, కొత్త గడువు హీప్‌లో వెయ్
    కాకపోతే: ఎంట్రీ తీసెయ్

నిద్ర అంటే ఇక్కడ థ్రెడ్ స్లీప్ కాదు, కాండ్‌వార్ మీద వెయిట్, లేదా వెయిట్‌టైమవుట్. ఇవి నిద్రపోతూ లాక్ వదిలేస్తాయి, లేవగానే మళ్లీ పట్టుకుంటాయి. ఇంకా ముఖ్యంగా, వీటిని మధ్యలో లేపవచ్చు. గంట తర్వాతి పని కోసం థ్రెడ్ నిద్రపోతుండగా ఎవరైనా సెకను తర్వాతి పని చేరిస్తే దాన్ని తట్టి లేపాలి కదా. కొత్తగా చేర్చిన గడువు హీప్‌లో పైకి వచ్చినప్పుడు మాత్రం నోటిఫై పంపితే చాలు.

కాండ్‌వార్ ఒక్కోసారి ఎవరూ లేపకుండానే లేస్తుంది. అందుకే లేచాక “గడువు వచ్చేసింది” అని నమ్మకుండా, లూప్ మొదటికి పోయి అన్నీ మళ్లీ చూసుకుంటున్నాం.

ఇక లాక్ వదిలి కాల్‌బ్యాక్ నడపడం గురించి. ఇది తెలియక కాదు, తెలిసీ నేను ఇరుక్కున్నాను. కాల్‌బ్యాక్‌లోంచి కొత్త టైమర్ పెట్టుకోవడం మామూలే. లాక్ పట్టుకుని ఉండగా అది జరిగితే అదే థ్రెడ్ అదే లాక్ కోసం ఎదురుచూస్తూ నిలబడిపోతుంది, రస్ట్ మ్యూటెక్స్‌ని ఒకే థ్రెడ్ రెండుసార్లు తీసుకోలేదు. నేను లాక్ వదిలేశాననే అనుకున్నాను. కోడ్ మాత్రం వైల్ లెట్ లూప్ తలలోనే లాక్ తీసి, పాప్ చేసి, లూప్ లోపల కాల్‌బ్యాక్ నడిపేలా ఉంది. అలా రాసినప్పుడు తలలో పుట్టిన గార్డ్ (అది బతికున్నంతసేపు లాక్ మన చేతిలోనే ఉంటుంది) లూప్ ఒంట్లోని ఆ చుట్టు పూర్తయ్యేదాకా చావదు. మ్యాచ్‌తో రాసినా ఇంతే. పాప్ చేసిన విలువని ముందు లూప్ లోపలే విడిగా లెట్ లైన్లో తీసుకుని, తర్వాత కాల్‌బ్యాక్ నడపండి. ఆ సెమికోలన్ దగ్గరే గార్డ్ పోతుంది.

ఐదో మెట్టు: తర్వాతి గడువు ఎక్కడి నుంచి లెక్క?

పదేపదే మోగేవాటిలో రెండు జాతులున్నాయి, రెండూ మన ఇళ్లలో ఉన్నవే.

పాలు పోసే ఆయన రోజూ పొద్దున్నే ఆరింటికి వస్తాడు. ఒకరోజు పది నిమిషాలు ఆలస్యమైందని మర్నాడు ఆరూ పదికి రాడు, ఆరింటికే వస్తాడు. ఇది స్థిర వేళ. కొత్త గడువు అంటే పాత గడువుకి వ్యవధి కలపడం. పని ఎంతసేపు పట్టిందో, నిద్ర ఎంత ఎక్కువైందో దీనికి అక్కర్లేదు.

జ్వరం మాత్ర ఆరు గంటలకోసారి అంటే, ఒకటి గంట ఆలస్యంగా వేసుకున్నప్పుడు తర్వాతిది కూడా జరుగుతుంది. ఇది స్థిర విరామం. పని ముగిసిన క్షణానికి వ్యవధి కలపాలి. సర్వర్‌ని పదేపదే అడిగే పనులకి ఇదే మంచిది, సర్వర్ నెమ్మదించినప్పుడు మనం కూడా ఊపిరి తీసుకోనిస్తాం.

నా సెన్సర్‌కి కావలసింది పాలవాడు, నేను పెట్టింది జ్వరం మాత్ర. చిన్న చిన్న తేడాలు ఎలా పోగవుతాయో చెప్పడానికి ఇంతకన్నా బాధాకరమైన ఉదాహరణ ఒకటుంది. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో పేట్రియట్ క్షిపణి వ్యవస్థ, దూసుకొస్తున్న స్కడ్‌ని పట్టుకోలేకపోయింది. 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. ఆ వ్యవస్థ సమయాన్ని సెకనులో పదో వంతు చొప్పున లెక్కించేది. పదో వంతుని 24 బిట్లలో రాస్తే ఇసుమంత తగ్గుతుంది. దాదాపు 100 గంటలు ఆపకుండా నడిచేసరికి ఆ ఇసుమంత 0.34 సెకన్లయింది. స్కడ్ అంతసేపట్లో అర కిలోమీటరుకి పైగా వెళ్లిపోతుంది. అక్కడి లోపం గుండ్రించడంలో, నాది స్లీప్‌లో. పోగయ్యే తీరు మాత్రం ఒకటే.

స్థిర వేళలో ఒక చిక్కు: మధ్యలో కొన్ని గడువులు తప్పిపోతే? డీబగ్గర్‌లో ప్రోగ్రాంని ఐదు నిమిషాలు ఆపి వదిలారనుకోండి. సెకనుకోసారి మోగాల్సిన టైమర్‌కి 300 గడువులు బాకీ. పాత గడువుకి వ్యవధి కలుపుతూ పోతే ఆ 300 వెంటవెంటనే మోగుతాయి. ఊరెళ్లొచ్చిన పేపరబ్బాయి వారం పేపర్లన్నీ ఒకేసారి గుమ్మంలో పడేసినట్టు. రీడింగుల లెక్క తప్పకూడదంటే అదే కావాలి. చాలాచోట్ల మాత్రం పాత పేపర్లు వద్దు, ఇవాళ్టిది చాలు. అప్పుడు లెక్క ఇలా: ఇప్పటి సమయంలోంచి పాత గడువు తీసేయండి, వ్యవధితో భాగించి పూర్ణాంకం మాత్రం తీసుకోండి, ఒకటి కలపండి, అన్ని వ్యవధులు ముందుకి జరపండి. 10:00:05కి మోగాల్సినది 10:00:08.4కి పూర్తయింది, వ్యవధి ఒక సెకను. తేడా 3.4, పూర్ణాంకం 3, ఒకటి కలిపితే 4. కొత్త గడువు 10:00:09. వేళల గీత తప్పలేదు, బాకీ కూడా లేదు.

వ్యవధి సున్నా ఇస్తే ఆ భాగహారం దగ్గర పానిక్ అవుతుంది (తప్పు దొరికి థ్రెడ్ కూలిపోతుంది), అదీ టైమర్ థ్రెడ్‌లో. అందుకని పని చేర్చేటప్పుడే సున్నాని తిప్పికొట్టండి. గుణకారం డ్యూరేషన్‌తో చేస్తే అది 32 బిట్ల సంఖ్యనే తీసుకుంటుంది, నానోసెకన్లలో చేసుకోవడం మేలు.

ఈ లెక్కని విడి ఫంక్షన్‌గా రాయండి: పాత గడువు, ఇప్పటి సమయం, వ్యవధి ఇస్తే కొత్త గడువు చెప్పాలి, లోపల గడియారం చూడకూడదు. అప్పుడు టెస్టుల్లో స్లీప్ పెట్టాల్సిన పని ఉండదు. స్లీప్ పెట్టిన టెస్టులు మన మెషీన్లో పాసై, బిల్డ్ సర్వర్ మీద లోడ్ పెరిగినప్పుడు ఫెయిలవుతాయి.

ఆరో మెట్టు: రద్దు

రద్దు అంటే మ్యాప్‌లోంచి తీసేయడమే అన్నాను. కాల్‌బ్యాక్ సరిగ్గా అప్పుడే నడుస్తుంటే? అందుకే నాలుగో మెట్టులో కాల్‌బ్యాక్‌ని మాత్రం బయటికి తీసి ఎంట్రీని ఉంచాం. రద్దు వచ్చి ఎంట్రీని తీసేస్తే, పని పూర్తయ్యాక థ్రెడ్ తిరిగి చూసుకుని “ఓహో, నన్ను వద్దన్నారు” అని గ్రహిస్తుంది, మళ్లీ హీప్‌లో వేయదు. ఎంట్రీని కూడా బయటికి తీసేసి ఉంటే రద్దుకి ఏమీ దొరకదు, టైమర్ మళ్లీ బతికొస్తుంది.

రద్దు ఫంక్షన్ తిరిగొచ్చిందంటే కాల్‌బ్యాక్ ఆగిపోయిందని కాదు, ఇకముందు కొత్తగా మొదలవదని మాత్రమే. నడుస్తున్నది పూర్తయ్యేదాకా రద్దులోనే ఆగుదామని అనిపిస్తుంది. కానీ కాల్‌బ్యాక్ తనని తానే రద్దు చేసుకుంటే తను పూర్తవడం కోసం తానే ఎదురుచూస్తూ కూర్చుంటుంది. నేను ఆ జోలికి పోలేదు.

మరొకటి, దీన్ని కనిపెట్టడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. లాక్ పట్టుకుని మ్యాప్ నుంచి తీసేసి, వచ్చినదాన్ని ఏ వేరియబుల్‌లోనూ పెట్టకపోతే కాల్‌బ్యాక్ అక్కడికక్కడే నాశనమవుతుంది. దాని లోపల పట్టుకున్న వస్తువుల డ్రాప్‌లు (నాశనమయ్యేటప్పుడు నడిచే కోడ్) కూడా అప్పుడే నడుస్తాయి. ఆ డ్రాప్‌లలో ఒకటి ఇంకో టైమర్‌ని రద్దు చేయబోయిందా, మళ్లీ అదే లాక్, మళ్లీ ప్రతిష్టంభన. కాబట్టి తీసినదాన్ని వేరియబుల్‌లో పట్టుకోండి, లాక్ వదలండి, ఆ తర్వాత పోనివ్వండి. లూప్ చివర్లో రద్దయిన కాల్‌బ్యాక్‌ని పారేసేచోట కూడా ఇదే జాగ్రత్త.

ఏడో మెట్టు: కాల్‌బ్యాక్ మొరాయిస్తే, దుకాణం కట్టేయాలంటే

ఒక కాల్‌బ్యాక్ పానిక్ అయితే థ్రెడ్ పోతుంది, దాంతోపాటు మిగతా టైమర్లన్నీ చడీచప్పుడు లేకుండా ఆగిపోతాయి. పిలుపుని, పానిక్‌ని పట్టుకునే క్యాచ్‌అన్‌వైండ్‌లో చుట్టి, పానిక్ అయినదాన్ని లాగ్‌లో రాసి, ఆ పనిని రద్దు చేయండి. లాక్ వదిలే నడుపుతున్నాం కాబట్టి మ్యూటెక్స్ పాయిజన్ అవదు (పాడైందన్న ముద్ర పడదు). పానిక్ అంటే అబార్ట్ అని రస్ట్ బిల్డ్ సాధనం కార్గోలో పెట్టుకుంటే మాత్రం ఇదేమీ పనిచేయదు.

కాల్‌బ్యాక్ ఎక్కువసేపు నడిస్తే వెనక క్యూ అంతా ఆగుతుంది. నేను పెట్టుకున్న గీత ఒక మిల్లీసెకను. అంతకు మించి పట్టే అవకాశముంటే కాల్‌బ్యాక్ చేసేది ఛానెల్‌లో ఒక సందేశం వేయడం మాత్రమే, అసలు పని వేరే థ్రెడ్‌ది.

మూసేటప్పుడు జెండాని లాక్ కిందే ఎత్తి, నోటిఫై పంపి, జాయిన్ చేయండి (థ్రెడ్ ముగిసేదాకా ఆగండి). జెండాని విడి అటామిక్‌గా లాక్ బయట మారిస్తే, థ్రెడ్ జెండా చూసి నిద్రలోకి జారే సందులో నోటిఫై వృథా అయిపోవచ్చు, జాయిన్ ఎప్పటికీ తిరిగిరాదు. కాల్‌బ్యాక్‌లు షెడ్యూలర్‌ని పట్టుకోవాలంటే దాన్ని బతికించి ఉంచే ఆర్క్‌తో కాకుండా, అలా ఉంచని వీక్‌తో పట్టుకోనివ్వండి.

టోకియో వాడుతుంటే

ఎసింక్ ప్రోగ్రాంలో (ఒక పని ఎదురుచూస్తుంటే థ్రెడ్ ఇంకో పని చేసే తరహాలో) ఇదంతా రాసుకోనక్కర్లేదు. టోకియో అనే ఎసింక్ లైబ్రరీలో స్లీప్, ఇంటర్వల్ ఉన్నాయి. లోపల హీప్ కాదు, ఒక్కోదాంట్లో 64 అరలున్న ఆరు అంచెల చక్రం. జార్జ్ వర్గీస్, టోనీ లాక్ 1987లో వివరించిన టైమింగ్ వీల్ పద్ధతి ఇది. లైనక్స్ కెర్నెల్ కూడా తన టైమర్లకి ఇలాంటి చక్రాన్నే వాడుతుంది. లక్షల టైమవుట్లు పెట్టి దాదాపు అన్నిటినీ రద్దు చేసే చోట హీప్ కన్నా ఇది చవక. సూక్ష్మత మాత్రం ఒక మిల్లీసెకనే.

వాడేటప్పుడు నాలుగు చూసుకోండి. ఇంటర్వల్ మొదటి టిక్ వ్యవధి గడిచాక కాదు, తక్షణమే వస్తుంది. తప్పిపోయిన టిక్‌ల విషయంలో డిఫాల్ట్ బర్స్ట్, అంటే వారం పేపర్లూ ఒకేసారి; ఇవాళ్టిదే కావాలంటే స్కిప్ అని చెప్పాలి. స్పాన్ చేసిన (విడిగా మొదలుపెట్టిన) టాస్క్ హ్యాండిల్‌ని పారేస్తే టాస్క్ ఆగదు, విడిగా నడుస్తూనే ఉంటుంది, ఆపాలంటే అబార్ట్ పిలవాలి. చివరిది, ఏది ముందొస్తే దాన్ని అందుకునే సెలెక్ట్ లూప్ లోపల ప్రతి చుట్టులో కొత్త స్లీప్ పుట్టిస్తే, వేరే శాఖలో సందేశం వచ్చినప్పుడల్లా లెక్క మొదటికొస్తుంది. సందేశాలు చురుగ్గా వస్తున్నంతకాలం ఆ టైమర్ ఎప్పటికీ మోగదు, ట్రాఫిక్ తగ్గిన అర్ధరాత్రి మాత్రం చక్కగా మోగుతుంది. ఇంటర్వల్‌ని లూప్ బయట పుట్టించి, లోపల టిక్ మాత్రం అడగండి.